మైనస్ 15 డిగ్రీల్లో ఫోర్డ్ మోడల్ టీ స్టార్ట్ చేయడం: ముందు ఆయిల్, తర్వాతే చోక్

మిషిగన్‌లో ఉంటున్న ఒకాయన ప్రశ్న ఇది. 1922 నాటి ఫోర్డ్ మోడల్ టీ టూరింగ్ కారు కొన్నారు. వేసవంతా బాగానే నడిచింది. డిసెంబరు వచ్చి, హీటర్ లేని గరాజ్‌లో ఉష్ణోగ్రత మైనస్ 15 సెల్సియస్‌కు పడేసరికి నాలుగు ఇబ్బందులు మొదలయ్యాయి. ఇంజన్‌ని ముందు నుంచి చేత్తో తిప్పే హ్యాండిల్ కదలడమే కష్టంగా ఉంది. ఎలాగో అందుకుంటే బండి తనంతట తాను ముందుకు పాకుతోంది. ఒకటి రెండు సిలిండర్లే కొడుతున్నాయి. నిమిషం తిరక్కుండానే ఆగిపోతోంది. ఇంజన్‌కి ఎక్కువ పెట్రోలు పంపే చోక్ ఎంత లాగినా లాభం లేదంటున్నారు.

చోక్ దగ్గర ఆగండి. ఈ నాలుగింటిలో మూడింటికి మూలం ఆయిల్, పెట్రోలు కాదు. ఆయిల్ సంగతి తేల్చకుండా చోక్ లాగుతూ పోతే ప్లగ్గులు తడిసి ఐదో ఇబ్బంది కూడా తోడవుతుంది.

మోడల్ టీ నిర్మాణం చూస్తే కారణం అర్థమవుతుంది. ఇంజన్‌కీ గేరు బాక్సుకీ ఆయిల్ ఒకటే. సుమారు 3.8 లీటర్ల ఆయిల్ కింద రేకు తొట్టిలో ఉంటుంది. టాప్ గేరు క్లచ్ అంటే ఇరవైకి పైగా ఉక్కు పలకలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉండే డ్రమ్ము. అదీ ఆ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. హ్యాండ్ బ్రేక్ లీవర్ పూర్తిగా వెనక్కి లాగితే ఆ పలకల మీద స్ప్రింగు ఒత్తిడి తొలగుతుంది, వెనక చక్రాలకు బ్రేకు పడుతుంది. అది కాగితం మీది న్యూట్రల్. చలికి ఆయిల్ గడ్డకట్టినట్టు చిక్కబడ్డప్పుడు ఒత్తిడి తొలగినా పలకలు విడివడవు. ఆయిలే వాటిని జిగురులా పట్టి ఉంచుతుంది. మీరు హ్యాండిల్ తిప్పుతున్నది ఇంజన్‌ని మాత్రమే కాదు, బ్రేకు వేసి ఉన్న వెనక యాక్సిల్‌తో పెనుగులాడుతున్నారు. ఇంజన్ అందుకోగానే అదే జిగురు బండిని ముందుకు నెడుతుంది. ఎదురుగా హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డది మీరే కాబట్టి ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. గరాజ్‌లో గోడకూ బండికీ మధ్య నిలబడి హ్యాండిల్ కొట్టే అలవాటుంటే ఈ రోజే మానేయండి. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా బండి పాకుతుంటే అది చలి తప్పు కాదు, క్లచ్ లీవర్ స్క్రూ అరిగిందో సర్దుబాటు తప్పిందో చూడాలి.

మొట్టమొదట తొట్టిలో ఏ ఆయిల్ ఉందో చూడండి. పాత బండి కదా అని చిక్కటి 30 గ్రేడు ఆయిల్ పోసేవాళ్లు చాలామంది. ఈ ఇంజన్‌లో ఆయిల్ పంపు లేదు. ఫ్లైవీల్ తిరుగుతూ ఆయిల్‌ని పైకి చిమ్మితే, అందులో కొంత ఒక సన్నని గొట్టంలో పడి ముందువైపు టైమింగ్ గేర్ల దాకా తనంతట తాను జారుతుంది. మిగతాదంతా కనెక్టింగ్ రాడ్లు చిలకరించేదే. ఆయిల్ జారకపోతే ముందు బేరింగు ఎండిపోతుంది. అవి తెల్లలోహపు బేరింగులు, ఒకసారి కరిగితే మళ్లీ పోయించుకోవడం ఖరీదైన పని. చలికాలానికి 5డబ్ల్యూ-30 మల్టీగ్రేడ్ పోయండి. ఆ ఒక్క మార్పుతో హ్యాండిల్ బరువు తేడా చేతికి తెలుస్తుంది.

ఆయిల్ మట్టం చూడటంలో ఒక చలికాలపు మోసం ఉంది. ఫ్లైవీల్ గూడుకు రెండు చిన్న కుళాయిలుంటాయి. మట్టం ఆ రెంటి మధ్య ఉండాలి. చలికి చిక్కబడ్డ ఆయిల్ కింది కుళాయి తెరిచినా చుక్క రాదు. అడుగంటిందనుకుని ఇంకో లీటరు పోస్తారు. అది పిస్టన్ల మీదుగా ఎక్కి ప్లగ్గుల్ని మసి చేస్తుంది. మట్టం ఎప్పుడూ ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, ఆపి పది నిమిషాలు ఆగి చూడండి.

అప్పట్లో మంచు ప్రాంతాల వాళ్లు రాత్రి ఆయిల్ దింపి పొయ్యి పక్కన పెట్టుకుని, పొద్దున వేడి చేసి పోసేవాళ్లు. తొట్టి కింద నిప్పుల పళ్లెం పెట్టిన వాళ్లూ ఉన్నారు. రెండోది చేయొద్దు. కార్బురేటర్ ఇంజన్ పక్కన కిందుగా ఉంటుంది. పెట్రోలు పంపు లేకుండా సీటు కింది ట్యాంకు నుంచి వాలుకి దిగుతుంది. ఫ్లోట్ వాల్వు కాస్త కారినా చుక్క నేరుగా నిప్పు మీదే పడుతుంది. ఇప్పుడు ఆయిల్ తొట్టికి అంటించే ఎలక్ట్రిక్ హీటర్ ప్యాడ్లు దొరుకుతున్నాయి. సుమారు 200 వాట్లది చాలు. బానెట్ మీద దుప్పటి కప్పి, పెట్రోలు కుళాయి కట్టేసి, రెండు గంటలు ఉంచండి. ఆయిల్ చేతికి గోరువెచ్చగా తగిలితే సగం పని అయిపోయినట్టే.

కరెంటు లేని చోట, లేదా ప్యాడ్ పెట్టినా హ్యాండిల్ బరువుగానే ఉంటే, వెనక చక్రం ఒకటి లేపే పాత పద్ధతి ఉంది. మోడల్ టీ ఉన్నవాళ్లందరికీ తెలియాల్సిన పద్ధతి ఇది. ముందు రెండు చక్రాలకూ, నేల మీద ఉండే వెనక చక్రానికీ ముందూ వెనకా చెక్క దిమ్మలు గట్టిగా తన్నించండి. వెనక యాక్సిల్ గొట్టం కింద జాకీ పెట్టి ఒక చక్రం నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, పక్కన స్టాండు కూడా పెట్టండి. ఇప్పుడు హ్యాండ్ బ్రేక్ లీవర్‌ని పూర్తిగా ముందుకు, అంటే టాప్ గేరులోకి తోయండి. కొత్తవాళ్లకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది కానీ కిటుకంతా ఇక్కడే ఉంది. క్లచ్ పట్టుకుని ఉంటుంది కాబట్టి పలకలన్నీ ఒకే ముద్దగా తిరుగుతాయి, వాటి మధ్య ఆయిల్‌ని చీల్చే పనే ఉండదు. లేపిన చక్రం గాల్లో తిరుగుతూ ఇంజన్‌కి ఇంకో ఫ్లైవీల్‌లా సాయం చేస్తుంది. ఇంజన్ అందుకున్నాక ఆ చక్రం వేగంగా తిరుగుతూ ఉంటుంది, పిల్లల్నీ కుక్కనీ బయటికి పంపండి. నాలుగైదు నిమిషాల తర్వాత థ్రాటిల్ తగ్గించి, లీవర్ నెమ్మదిగా వెనక్కి లాగండి. చక్రం ఆగి, ఇంజన్ ఆగకుండా ఉంటే ఆయిల్ పలచబడిందని అర్థం. అప్పుడే జాకీ దించాలి. చక్రం తిరుగుతుండగా దించితే బండి దిమ్మల్ని దాటుకుని పోతుంది.

ఇక ఒకటి రెండు సిలిండర్లే కొట్టడం. చాలామంది వెంటనే కాయిల్స్ మీద, అంటే ప్లగ్గులకు మెరుపునిచ్చే తీగచుట్టల మీద పడతారు. చలిలో ముందు చూడాల్సింది ఇంజన్ ముందు భాగంలో ఉండే టైమర్. దాని లోపల ఒక రోలరు తిరుగుతూ నాలుగు కాంటాక్టుల్ని వరసగా తాకుతుంది. లోపలి ఆయిల్ బిగుసుకుంటే రోలరుకీ కాంటాక్టుకీ మధ్య అది పొరలా నిలుస్తుంది. కరెంటు అందిన కాయిలు గీపెడుతుంది, అందనిది ఊరుకుంటుంది. ఒక నిమిషం తిరిగాక మిగతా సిలిండర్లు ఒక్కొక్కటే కలిసి వస్తుంటే ఇక అనుమానమే వద్దు. టైమర్ విప్పి, కిరసనాయిలుతో కడిగి తుడిచి, పలచటి ఆయిల్ మూడు వంతులు, కిరసనాయిలు ఒక వంతు కలిపి వేయండి. ఫోర్డ్ కంపెనీ తన యజమానుల పుస్తకంలో ఇచ్చిన పాళ్లే ఇవి, ఇప్పటికీ అంతకు మించిన మందు లేదు. అమెరికాలో కిరసనాయిలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది.

మెరుపు బలహీనంగా ఉండటానికి ఇంకో కారణం మ్యాగ్నెటో, అంటే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఏర్పాటు. ఫ్లైవీల్ మీద 16 అయస్కాంతాలు, వాటికి ఎదురుగా 16 తీగచుట్టలు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. చిక్కటి ఆయిల్‌తో హ్యాండిల్ మెల్లగా తిరిగితే కాయిల్స్‌కి చాలినంత కరెంటు రాదు. మీది 1922 బండి, బ్యాటరీ ఉంది కాబట్టి స్విచ్ బ్యాటరీ వైపు పెట్టి స్టార్ట్ చేసి, తిరగడం మొదలయ్యాక మ్యాగ్నెటో వైపు మార్చండి. చలిలో లెడ్ యాసిడ్ బ్యాటరీ శక్తి సగానికి దగ్గరగా పడిపోతుంది, అందుకే సెల్ఫ్ మూలుగుతుంది. రాత్రి బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకుంటే సెల్ఫ్ కాకపోయినా కాయిల్స్‌కి సరిపడా కరెంటు తప్పక వస్తుంది. ఒక హెచ్చరిక: బ్యాటరీ తీగని పొరపాటున కూడా మ్యాగ్నెటో టెర్మినల్‌కి తగిలించొద్దు. ఆ కరెంటుకి అయస్కాంతాలు బలం కోల్పోతాయి. మళ్లీ వాటికి బలం ఎక్కించడం పెద్ద పని.

ఇప్పుడు పెట్రోలు. చలికి పెట్రోలులోని తేలికపాటి భాగం మాత్రమే ఆవిరవుతుంది, మిగతాది చుక్కలుగా గొట్టం గోడలకు అంటుకుంటుంది. అందుకే ఎక్కువ పెట్రోలు పంపి, అందులో ఆవిరైనంత వాడుకోవడం చోక్ చేసే పని. 1920 ప్రాంతంలో కార్ల గిరాకీకి తగ్గట్టు బరువైన భాగాలు కలిపి అమ్మేవాళ్లు, ఆ పెట్రోలుకి చోక్ బాగా కావాల్సి వచ్చేది. ఇప్పుడు అమెరికాలో శీతాకాలానికి ప్రత్యేకంగా తేలిగ్గా ఆవిరయ్యే పెట్రోలు అమ్ముతున్నారు. కాబట్టి పాత పుస్తకంలో రాసినదానికంటే కాస్త తక్కువ చోక్‌తో మొదలుపెట్టండి.

వరస ఇది. పెట్రోలు కుళాయి తెరవండి. డ్యాష్ మీద ఉండే కార్బురేటర్ సూది బిరడాని ఎడమవైపు పావు చుట్టు తిప్పండి, మిశ్రమం చిక్కబడుతుంది. స్విచ్ ఆఫ్‌లోనే ఉండాలి. థ్రాటిల్ లీవర్ మూసేయండి. ముందుకు వచ్చి, రేడియేటర్ కింద బయటికి ఉన్న చోక్ తీగ లాగి పట్టుకుని, హ్యాండిల్‌ని గబగబా ఆరు నుంచి ఎనిమిది పావు చుట్లు తిప్పండి. తీగ వదిలి, అది పూర్తిగా లోపలికి పోయిందో లేదో కళ్లతో చూడండి. సగంలో ఇరుక్కుపోయిన చోక్ తీగే చాలా ఇంజన్లని పెట్రోలులో ముంచేది. తర్వాత స్టీరింగు కింద కుడివైపు థ్రాటిల్ లీవర్‌ని నాలుగైదు గాట్లు దించండి. ఎడమవైపు స్పార్క్ లీవర్, అంటే మెరుపు ముందు రావాలో ఆలస్యంగా రావాలో మార్చేది, పూర్తిగా పైనే ఉండాలి. మ్యాగ్నెటో మీద స్టార్ట్ చేసేవాళ్లు మూడో గాటులో పెట్టుకోవచ్చు, బ్యాటరీ మీద మాత్రం పైకే. బ్యాటరీ మీద టైమర్ తాకిన క్షణంలోనే మెరుపు వస్తుంది. లీవర్ కిందికి ఉంటే పిస్టన్ పైకి చేరకముందే పేలి హ్యాండిల్ ఎదురు కొడుతుంది, మణికట్టు విరుగుతుంది.

ఇప్పుడు స్విచ్ బ్యాటరీ వైపు తిప్పి, చెవి పెట్టండి. కాయిల్ డబ్బాలో ఒక కాయిలు జుయ్యిమనాలి. అనకపోతే స్విచ్ ఆపి హ్యాండిల్ కొద్దిగా జరిపి మళ్లీ వినండి, టైమర్ రెండు కాంటాక్టుల మధ్య ఆగి ఉండొచ్చు. అప్పటికీ శబ్దం లేకపోతే టైమర్‌లో ఆయిల్ బిగుసుకుందన్నమాట, హ్యాండిల్ కొట్టి అలిసిపోవడం దండగ. శబ్దం వచ్చిందా, ఎడమ చేత్తో హ్యాండిల్ పట్టుకోండి. బొటనవేలు మిగతా వేళ్లవైపే ఉండాలి, చుట్టి పట్టుకోకూడదు. కింది నుంచి పైకి ఒక్క ఊపుగా లాగాలి. పై నుంచి కిందికి ఎప్పుడూ నొక్కొద్దు, ఎదురు కొడితే చెయ్యి తప్పుకునే దారి ఉండదు. ముందే పెట్రోలు పీల్చుకుని ఉన్న సిలిండర్లు ఒకటి రెండు ఊపులకే అందుకుంటాయి. స్విచ్ చివర్లో వేయడంలో ఉన్న లాభం అదే, అందుకుని వెంటనే ఆగిపోయే తంటా తప్పుతుంది.

నాలుగైదు ఊపులకు అందకపోతే ఆపి, ఒక ప్లగ్గు విప్పి చూడండి. పెట్రోలుతో తడిసి ఉంటే స్విచ్ ఆపి, చోక్ ముట్టుకోకుండా, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పది పన్నెండు చుట్లు తిప్పితే లోపలి తడి పోతుంది. చలిలో ఇంకో రకం తడి కూడా ఉంది, అది చాలామందికి తట్టదు. ఇంజన్ ఒకటి రెండుసార్లు కొట్టి ఆగితే, ఆ కాలిన పెట్రోలు నుంచి పుట్టిన నీటి ఆవిరి చల్లటి ప్లగ్గు కొనల మీద మంచు పొరగా గడ్డకడుతుంది. సన్నటి తెల్లటి నూగులా కనబడుతుంది, వేలితో తాకితే కరిగిపోతుంది. ఆ పొర మీంచి మెరుపు దూకదు. అప్పుడు ఎంత చోక్ లాగినా, ఎన్ని ఊపులు ఊపినా వృథా. నాలుగు ప్లగ్గులూ విప్పి వంటింట్లోకి తీసుకెళ్లి, బాగా తుడిచి, చేత్తో పట్టుకోలేనంత వేడి చేసి తెచ్చి వెంటనే బిగించండి. వేడి ప్లగ్గుకి మంచు పట్టదు, పక్కనున్న పెట్రోలు కూడా ఆవిరవుతుంది. మొండికేసిన ఇంజన్‌కి ఇంతకంటే నమ్మకమైన వైద్యం లేదు. ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే జోలికి మాత్రం పోకండి. ఈ బండిలో కాయిల్ డబ్బాలోనూ టైమర్‌లోనూ మెరుపులు బయటి గాలిలోనే పుడతాయి.

ఇన్‌టేక్ గొట్టాన్ని వెచ్చచేయడం మంచి సాయం. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డని గొట్టం చుట్టూ, కార్బురేటర్ మీద రెండు నిమిషాలు చుట్టి ఉంచితే సరిపోతుంది. నీళ్లు నేరుగా కుమ్మరించొద్దు, కాయిల్ డబ్బా లోపల చెక్క ఉంటుంది, తడి తగిలితే కరెంటు కారుతుంది. ఎగ్జాస్ట్ నుంచి కార్బురేటర్‌కి వేడిగాలి తెచ్చే రేకు గొట్టం మీ బండికి ఉందో లేదో చూడండి. చాలా బండ్లకు ఎవరో ఎప్పుడో విప్పి పారేసి ఉంటారు. స్టార్ట్ అయ్యాక నిమిషంలో ఆగిపోవడానికీ, దారిలో దగ్గడానికీ ఆ లోటు పెద్ద కారణం. కొత్తగా చేసిన గొట్టాలు విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి.

ఇంజన్ అందుకున్నాక స్పార్క్ లీవర్‌ని ఎనిమిది పది గాట్లు దించి, థ్రాటిల్ మధ్యస్థంగా ఉంచండి. మరీ నెమ్మదిగా తిప్పితే ఫ్లైవీల్ ఆయిల్ చిమ్మదు, గట్టిగా రేపితే ఆయిల్ అందకముందే బేరింగులు రాసుకుంటాయి. ఇంజన్ నునుపుగా తిరిగేదాకా, అంటే మైనస్ 15లో సుమారు ఐదు నిమిషాలు, కదలొద్దు. వేడెక్కేకొద్దీ సైలెన్సర్ నుంచి నల్లపొగ, ఇంజన్‌లో తడబాటు మొదలవుతాయి. అప్పుడు సూది బిరడాని ముందు తిప్పిన పావు చుట్టు మేర కొద్దికొద్దిగా వెనక్కి తిప్పేయండి. ఇదంతా గరాజ్ తలుపు బార్లా తెరిచే చేయాలి. చిక్కటి మిశ్రమంతో తిరిగే చల్లటి ఇంజన్ కార్బన్ మోనాక్సైడ్‌ని విపరీతంగా వదులుతుంది, మూసిన గదిలో వాసన తెలియకుండానే మనిషి పడిపోతాడు.

నీళ్ల సంగతి. ఈ బండికి నీటి పంపు లేదు, థర్మోస్టాట్ లేదు. వేడెక్కిన నీరు పైకి, చల్లారిన నీరు కిందికి, అంతే. దానివల్ల చలిలో వింత జరుగుతుంది: ఇంజన్ పైన నీళ్లు వేడెక్కి ప్రవాహం మొదలయ్యేలోపే రేడియేటర్ అడుగున గొట్టాలు గడ్డకట్టొచ్చు. పైన ఆవిరి, కింద మంచు. కాబట్టి ఉత్త నీళ్లు వద్దు. 1920ల్లో ఆల్కహాలు కలిపేవాళ్లు. ఎంత ఎక్కువ కలిపితే అంత ఎక్కువ చలికి గడ్డకట్టకుండా ఉంటుంది. కానీ ఆల్కహాలు 78 డిగ్రీలకే మరిగి ఎగిరిపోతుంది, వారం తిరిగేసరికి పాళ్లు మారిపోయేవి. మీరు గ్లైకాల్ కూలెంట్, నీళ్లు చెరిసగం పోయండి. మొత్తం సుమారు 11 లీటర్లు పడుతుంది. రేడియేటర్ కింది మూడింట రెండు వంతులకు అట్ట అడ్డం పెట్టి బయల్దేరండి, మూత మీది ఉష్ణమాపకం చూస్తూ అట్టని కిందికి జరుపుతూ ఉండండి.

నీళ్లు మాత్రమే పోసి రాత్రి దింపేసే అలవాటుంటే, కింది కుళాయి తెరిచాక ఒక తీగ ముక్కతో లోపలికి పొడవండి. తుప్పు అడ్డుపడి ధార ఆగితే అంతా ఖాళీ అయిందని పొరబడతారు, తెల్లారేసరికి గొట్టాలు చీలతాయి. పొద్దున మళ్లీ పోసేటప్పుడు మరిగే నీళ్లు కాకుండా 60 డిగ్రీల లోపు వెచ్చటివి, ముందు సగం పోసి రెండు నిమిషాలాగి మిగతావి పోయండి.

రెండు పనులు మిగిలాయి. పెట్రోలు ట్యాంకు కింద మడ్డి చేరే చిన్న గిన్నె ఉంటుంది. అందులో చేరిన నీరు గడ్డకడితే పెట్రోలు చుక్క కూడా దిగదు, మీరేమో చోక్‌ని తిట్టుకుంటూ ఉంటారు. చలి ముదిరే ముందే దాన్ని ఖాళీ చేసి పెట్టండి. ఇక రెండోది, చోక్ మీద తిరిగిన ప్రతిసారీ కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీంచి ఆయిల్‌లోకి జారుతుంది. పైకుళాయి తెరిస్తే ఆయిల్ కారుతూ, పెట్రోలు వాసన వేస్తుంటే ఆయిల్ పలచబడిపోయిందన్నమాట. ఫోర్డ్ 750 మైళ్లకోసారి మార్చమంది. చలికాలంలో పదేసి నిమిషాల షికార్లకే బండి తీస్తుంటే ఆ లెక్క కోసం ఆగకుండా ముందే దింపేయండి, వేడిగా ఉన్నప్పుడే దింపితే అడుగు మడ్డి కూడా వచ్చేస్తుంది.